పాతాళ శ్రవణం

నల్లగొండ, పాలమూరు సీమలలో రాయి కొట్టి జీవించే వడ్డెరలు బండను చీల్చడానికి ముందు దానిపై సుత్తితో రెండు దెబ్బలు వేసి చెవి యొగ్గుతారు. కంచు మ్రోగినట్లు ఖంగుమన్నదా, ఆ రాయి లోపల గట్టిగా ఉన్నది. తడిసిన మద్దెలమీద చేయి పడినట్లు బొద్దుగా పలికిందా, ఎక్కడో పగులున్నది. సంతలో కుండలు కొనే ఇల్లాలు వేలి కణుపుతో కుండను మీటి చూసేదీ ఇందుకే. కంటికి అందని లోపలి స్థితిని చెవి పసిగడుతుంది. ఈ చిన్న యుక్తినే భూమికి అన్వయించి, మైళ్ళ లోతున ఉన్న శిలలను, వాటిలోని నీటిని, గ్యాసును శబ్దం ద్వారా పరీక్షించే విద్యను నేటి భూభౌతిక శాస్త్రం సాధించింది. అందులోనూ బోరుబావులలోనికి యంత్రాలను దించి వినే పద్ధతి విశేషమైనది.

భూగర్భాన్ని గూర్చిన జిజ్ఞాస మన దేశంలో ప్రాచీనమైనది. క్రీ.శ. ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుని 'బృహత్సంహిత'లో 'దకార్గళ' మనే అధ్యాయమున్నది. మానవ శరీరంలో రక్తనాళాల వలె భూమిలో జలసిరలు పైన, క్రింద వ్యాపించి ఉంటాయని, చెట్లను, పుట్టలను, నేల రంగును బట్టి వాటి జాడ తెలుసుకోవచ్చునని అందులో వివరించబడినది. అదే గ్రంథంలో భూకంప లక్షణాలను చెప్పే అధ్యాయం వేరుగా ఉన్నది. సముద్రంలోని మహాప్రాణుల కదలికల వలననో, భూభారాన్ని మోసే దిగ్గజాలు అలసి నిట్టూర్చుట వలననో, వాయువుల సంఘర్షణ వలననో భూమి కంపిస్తుందని అప్పటి వివిధ మతాలను ఆయన పేర్కొన్నాడు. ఆ హేతువులను నేడెవరూ అంగీకరించరు. అయితే గ్రంథంలో దూరదూరంగా ఉన్న ఆ రెండు విషయాలు, అనగా భూగర్భ జలం, భూకంపం, ఇరవయ్యవ శతాబ్దిలో ఒకదానితో ఒకటి ముడిపడినాయి. ఆ సంగతి ముందు తెలియగలదు.

భూమిలో ఒకచోట శిల తటాలున జరిగినా, క్వారీలో మందుగుండు పేలినా అక్కడి నుండి రెండు విధాలైన తరంగాలు బయలుదేరుతాయి. మొదటివి ప్రాథమిక తరంగాలు. ఇవి గాలిలో శబ్దం వలె శిలను ముందుకు నెట్టుతూ, వెనుకకు లాగుతూ సాగే అనుదైర్ఘ్య తరంగాలు. రెండవవి ద్వితీయ తరంగాలు. త్రాడును అడ్డంగా ఊపినప్పుడు పుట్టే అలల వలె ఇవి తిర్యక్ తరంగాలు. దక్కను పీఠభూమి నల్లరాతిలో, గ్రానైటులో, మొదటివి సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు, రెండవవి సుమారు మూడున్నర కిలోమీటర్లు ప్రయాణిస్తాయి. కాబట్టి ప్రాథమిక తరంగం ముందు చేరుతుంది, ద్వితీయ తరంగం కొంత వెనుకబడుతుంది. ఈ రెండింటి నడుమ ఒక సెకను ఎడమున్నదంటే కంపం పుట్టిన చోటు దాదాపు 8.4 కిలోమీటర్ల దూరంలో ఉన్నదని లెక్క తేలుతుంది. విద్యార్థులు ఈ లెక్కను స్వయంగా చేసి చూడవచ్చును. దూరాన్ని 3.5 చేత, 6 చేత విడివిడిగా భాగించి వచ్చిన కాలాల భేదమే ఆ ఎడము. మూడు నాలుగు చోట్ల యంత్రాలుంచి దూరాలను కట్టితే అవి కలిసే బిందువే కంపనాభి.

లెక్క సులభమే గాని వినుటే కష్టం. నేలమీద ఉంచిన యంత్రానికి లోకమంతా వినబడుతుంది. రోడ్డున పోయే లారీ, పొలంలో ఆడే మోటారు, గాలికి ఊగే తాటిచెట్టు వేళ్ళు, ఆవలి పొలంలో నడిచే గొర్రెల మంద, ఇవన్నీ దానికి కంపాలే. దీనికి తోడు నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో పైపైన ఉండేది ఎఱ్ఱమన్ను, దాని క్రింద మొరము, ఆపైన చివికిన రాయి. అది పత్తి దిండు వంటిది. లోపలి నుండి వచ్చే సన్నని, పదునైన నాదాన్ని తనలో ఇంకించుకొని, మొద్దుబారిన శబ్దాన్ని మాత్రమే పైకి వదలుతుంది. అందుచేత చెవిని ఆ దిండుకు దిగువన, గట్టిరాతిలో పెట్టవలసి వచ్చింది. వంద రెండువందల మీటర్ల లోతుకు దిగేసరికే పై సందడి చాలవరకు అణగిపోతుంది. భూకంప పరిమాణాన్ని కొలిచే మాపకంలో సున్నకు దిగువన కూడా అంకెలున్నవన్న సంగతి చాలమందికి తెలియదు. మైనస్ ఒకటి, మైనస్ రెండు పరిమాణంగల సూక్ష్మ కంపాలు రాతిలో చిన్న చీలిక ఏర్పడినప్పుడు పుట్టేవి. వాటిని పట్టగలిగేది దగ్గరలోని బోరుబావిలో ఉన్న యంత్రమే.

ఆ యంత్రం పేరు జియోఫోను. నిర్మాణం చాల సరళం. ఒక అయస్కాంతం, దాని చుట్టూ స్ప్రింగుకు వ్రేలాడే తీగచుట్ట. భూమి కదలినప్పుడు పెట్టె, అయస్కాంతం కదలుతాయి, తీగచుట్ట జడత్వం వలన వెనుకబడుతుంది. ఆ భేదం వలన తీగలో స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకదానికొకటి లంబంగా రెండు, వెరసి మూడు జియోఫోన్లను ఒక ఉక్కు గొట్టంలో అమర్చి బావిలోనికి దించుతారు. ఇటువంటి గొట్టాలు పది పన్నెండింటిని ఒకే కేబులుకు దండ వలె గ్రుచ్చడం కూడా ఉన్నది.

దించినంత మాత్రాన పని పూర్తి కాదు. బావిలో ఊరకే వ్రేలాడే యంత్రం రాతిని వినదు, తన త్రాడు ఊగిసలాటనే వింటుంది. బావిలో నీరున్నచో ఆ నీటి స్తంభం వెంట పైకి క్రిందికి పరుగెత్తే మరొక తరంగం అసలు సంకేతాన్ని కప్పివేస్తుంది. అందుకే ఇనుప చేతితో యంత్రాన్ని బావి గోడకు అదిమి పట్టించడమో, సిమెంటు పోసి శాశ్వతంగా బిగించడమో చేస్తారు. మరొక చిక్కు, దించేటప్పుడు గొట్టం మెలి తిరుగుతుంది. అడ్డపు జియోఫోను తూర్పును చూస్తున్నదో, దక్షిణాన్ని చూస్తున్నదో పైనున్నవారికి తెలియదు. తెలిసిన చోట నేలమీద చిన్న ప్రేలుడు జరిపి, ఆ శబ్దం ఏ వైపు నుండి వచ్చినట్లు నమోదైనదో చూచి దిక్కును నిర్ణయిస్తారు. కన్ను లేనివాడు తెలిసిన గొంతును బట్టి ఇంటి వాకిలిని గుర్తుపట్టినట్లు! ఇటీవలి కాలంలో జియోఫోన్లకు బదులు వెంట్రుక వంటి గాజు తంతువును బావి పొడవునా అమర్చి, దానిలోనికి లేజరు కాంతిని పంపుతున్నారు. తంతువు ఎక్కడ ఏమాత్రం సాగినా తిరిగివచ్చే కాంతిలో మార్పు కనబడుతుంది. ఆ విధంగా కిలోమీటర్ల పొడవుగల తంతువు వేలాది చెవులకు సాటి అవుతుంది.

ఇక గ్యాసు మాట. గ్యాసు నిక్షేపమనగానే భూమిలో పెద్ద గుహ, దాని నిండా వాయువు అని ఊహించుకొనుట సహజం. నిజానికది ఇసుకరాయి. ఇటుక నీటిని పీల్చుకొన్నట్లు ఆ రాతి రేణువుల నడుమగల రంధ్రాలలో గ్యాసు అణగి ఉంటుంది. పైన గ్యాసును పోనివ్వని దట్టమైన పొర మూతగా ఉంటుంది. కృష్ణా, గోదావరి నదుల మధ్య డెల్టా క్రింద, బంగాళాఖాతం అడుగున ఉన్నవి ఇట్టి నిక్షేపాలే. వాటి ఒత్తిడి ఎంతటిదో 1995 జనవరిలో కోనసీమ చూచింది. పాశర్లపూడి వద్ద అదుపుతప్పిన బావి రెండు నెలలకు పైగా మండుతూనే ఉన్నది.

రంధ్రాలలో నీరు ఉన్నదో, గ్యాసు ఉన్నదో తరంగాలు ఎట్లు తెలుపుతాయి? నురుగులేని పాలగ్లాసును, నురుగు నిండిన పాలగ్లాసును చెంచాతో మీటి చూడండి. నురుగుగల గ్లాసు మందంగా పలుకుతుంది. బుడగలు చేరిన ద్రవంలో శబ్దవేగం పడిపోవుటే కారణం. రాతిలోనూ అంతే. నీటి స్థానంలో గ్యాసు చేరినచో నొక్కుడుకు లొంగే గుణం పెరిగి ప్రాథమిక తరంగం వేగం తగ్గుతుంది. ద్వితీయ తరంగానికి మాత్రం రంధ్రాలలో ఏమున్నదన్న చింత లేదు. ద్రవానికి గాని, వాయువుకు గాని విరూపణను ఎదిరించే శక్తి లేదు గనుక, అది రాతి అస్థిపంజరం వెంటనే సాగిపోతుంది. కాబట్టి రెండు వేగాల నిష్పత్తి తగ్గినదంటే అక్కడ గ్యాసున్నదని సూచన. ఒకే బావిలో సంవత్సరం విడిచి సంవత్సరం ఇదే కొలతను తీసుకొంటే గ్యాసు ఎటు తరలినది, నీరు ఎంతవరకు ఎగబ్రాకినది తెలుస్తుంది. ఈ పద్ధతికి ఒక లోపమున్నది. రంధ్రాలలో కొద్దిపాటి గ్యాసు చేరినంతనే వేగం బాగా పడిపోతుంది, ఆపైన గ్యాసు ఎంత పెరిగినా పెద్దగా మారదు. గ్యాసు ఉన్నదని చెప్పినంత సులభంగా ఎంత ఉన్నదో చెప్పలేరు.

ఇంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. గ్యాసును తోడుకొన్నకొద్దీ రంధ్రాలలో ఒత్తిడి తగ్గి, పైనున్న శిలాభారానికి ఇసుకరాయి కుదించుకుపోతుంది. ఆ కుదింపు అంతటా సమంగా ఉండదు. పాత పగుళ్ళ వద్ద శిలలు జారుతాయి. నెదర్లాండ్స్ దేశపు ఉత్తర భాగాన ఉన్న గ్రోనింగెన్ నిక్షేపం ఇందుకు జగమెరిగిన ఉదాహరణ. 1959లో కనుగొనబడిన ఆ నిక్షేపంలో సుమారు 2.8 లక్షల కోట్ల ఘనపు మీటర్ల గ్యాసు ఉండేది. 1963 నుండి తోడసాగారు. ఆ దేశానికి అది కామధేనువైనది. భూకంపాలెరుగని ఆ చదునైన నేలలో 1991లో మొదటి కంపం నమోదైనది. గ్యాసుకు, కంపానికి సంబంధం లేదని చాలకాలం వాదించినవారున్నారు. ఆ వాదాన్ని తేల్చినది లోతు. నేలమీది యంత్రాలకు కంపనాభి లోతు స్పష్టంగా తెలియదు. ఆ దేశ వాతావరణ సంస్థ 200 మీటర్ల బావులు త్రవ్వించి, యాభై మీటర్లకొక జియోఫోను చొప్పున అమర్చింది. తరువాత అటువంటి కేంద్రాలు సుమారు 70 పెరిగినాయి. గ్యాసు పొర దాకా దిగిన లోతైన బావులలోనికి కూడ జియోఫోన్ల దండలు దించబడినాయి. కంపాలు మూడు కిలోమీటర్ల లోతున, సరిగ్గా గ్యాసున్న పొర దగ్గరనే పుడుతున్నాయని తేలింది.

2012 ఆగస్టు 16న హుయిజింగె అనే ఊరి వద్ద 3.6 పరిమాణంగల కంపం వచ్చింది. అంకె చిన్నదే. కాని నాభి లోతు తక్కువ, పైనున్నది మెత్తని బంకమన్ను, ఇండ్లు ఇటుకతో కట్టినవి. వేలాది ఇండ్లు బీటలువారినాయి. తమ గోడలోని బీట గ్యాసు వలన వచ్చినదేనని నిరూపించుకొనుటకు అక్కడి రైతులు, వృద్ధులు ఏండ్ల తరబడి కార్యాలయాల చుట్టూ తిరిగారు. ప్రజల క్షేమం కంటె ఆదాయానికే ప్రాధాన్యం దక్కిందని 2023 ఫిబ్రవరిలో వెలువడిన పార్లమెంటు విచారణ నివేదిక నిర్మొహమాటంగా చెప్పింది. అదే సంవత్సరం అక్టోబరు 1న ఉత్పత్తి నిలిచిపోయింది. 2024లో చట్టం ద్వారా ఆ నిక్షేపాన్ని శాశ్వతంగా మూసివేశారు. నేలలో ఇంకా గ్యాసు మిగిలి ఉండగానే ఒక దేశం దానిని వదులుకొనుట సామాన్య విషయం కాదు. స్పెయిన్ తీరంలో ఇందుకు విలోమమైన కథ నడిచింది. అక్కడ 2013లో సముద్రగర్భంలోని ఖాళీ నిక్షేపంలోనికి గ్యాసును నింపబోగా వందలాది కంపాలు వచ్చి పథకమే ఆగిపోయింది. దగ్గరలో తగినన్ని యంత్రాలు లేకపోవుటచేత వాటి లోతును గురించి శాస్త్రజ్ఞులు చాలకాలం తర్కించవలసి వచ్చింది.

గ్యాసును గట్టిరాతిలో దాచిన ఉదాహరణ తెలుగునేలమీదనే ఉన్నది. విశాఖపట్నంలో సుమారు రెండువందల మీటర్ల లోతున రాతిని తొలిచి, 60,000 టన్నుల వంటగ్యాసు పట్టే గుహను నిర్మించారు. 2007లో అది సిద్ధమైనది. దానికి ఉక్కు గోడలు లేవు. చుట్టూ ఉన్న రాతి పగుళ్ళలో నీటిని నింపి, ఆ నీటి ఒత్తిడి గ్యాసు ఒత్తిడి కంటె ఎక్కువగా ఉండునట్లు చూస్తారు. నీరే కోటగోడ. రాతి పగులు, పగులులోని నీరు, నీటి ఒత్తిడి, ఈ మూడింటి లెక్క తప్పితే ఆ కోట నిలువదు.

ఈ మూడే నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల కథ కూడ. ఇక్కడి గ్రానైటు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటిది. అందులో రంధ్రాలు లేవు గనుక గ్యాసు నిక్షేపాలకు తావు లేదు. నీరు సైతం పగుళ్ళలోనే దొరుకుతుంది. ఒక రైతు బోరులో నీరు పడి, గట్టుకవతల అన్నదమ్ముని బోరులో దుమ్ము మాత్రమే లేచుటకు కారణమిదే. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ పూర్వపు నల్లగొండ జిల్లా చౌటుప్పల్ వద్ద ఒక పరిశోధన క్షేత్రాన్ని నెలకొల్పినది. నగరపు సందడికి దూరంగా అక్కడ భూ అయస్కాంత కొలతలు తీసుకొంటారు, బోరుబావుల సముదాయం ద్వారా రాతి పగుళ్ళలో నీటి నడకను పరిశీలిస్తారు.

నీరు పగుళ్ళలో ఒదిగి ఉండుటే కాదు, వాటిని జారనిస్తుంది కూడ. పగులుకు ఇరువైపుల శిలలను ఘర్షణ పట్టి ఉంచుతుంది. పగులులో నీటి ఒత్తిడి పెరిగినచో ఆ పట్టు సడలుతుంది. మహారాష్ట్రలో కొయనా జలాశయం నిండిన కొద్ది సంవత్సరాలకే 1967 డిసెంబరులో 6.3 పరిమాణంగల భూకంపం వచ్చి సుమారు 180 మంది మరణించారు. అప్పటినుండి ఆ ప్రాంతంలో కంపాలు ఆగలేదు. వరాహమిహిరుడు వేర్వేరు అధ్యాయాలలో చెప్పిన జలసిరలు, భూకంపాలు కలిసినది అక్కడే. కొయనా కంపాల గుట్టు తెలుసుకొనుటకు ముందుగా ఒక్కొక్కటి సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల లోతుగల తొమ్మిది బోర్లు వేసి, కొన్నింటిలో భూకంప మాపకాలను అమర్చారు. 2017లో మూడు కిలోమీటర్ల లోతుకు మరొక బోరు వేశారు. ఆ కార్యానికి కేంద్రం కరాడ్ పట్టణంలోని బోరుబావి భూభౌతిక పరిశోధనశాల.

కృష్ణానదిమీద, పూర్వపు నల్లగొండ జిల్లా తూర్పు కొసన, 45.77 టీఎంసీల పులిచింతల జలాశయం ఉన్నది. దాని ఒడ్డున, నేటి సూర్యాపేట జిల్లాలోని చింతలపాలెం మండలంలో 2020 ఆరంభంలో చిన్న చిన్న కంపాలు గుంపుగా రాసాగినాయి. నేలలో నుండి ఉరిమినట్లు శబ్దం, వెనువెంటనే వంటింటి గిన్నెలు అదరుట. జనవరి 26 తెల్లవారక ముందు వచ్చిన కంపం పరిమాణం 4.6. హుయిజింగె కంపంతో పోల్చినచో విడుదలైన శక్తి సుమారు 32 రెట్లు. ఇండ్లలో పడుకొనుటకు జంకి, చలికాలమైనా ఆరుబయట పిల్లలతో గడిపిన కుటుంబాలున్నాయి. భూభౌతిక సంస్థవారు ఆ గ్రామాలలో యంత్రాలుంచి కంపాలను నమోదు చేశారు.

ఆ ప్రాంతంలో సున్నపురాయి క్వారీలు, సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి. కనుక ఇది క్వారీ ప్రేలుడేమోనన్న సందేహం కలుగుట సహజం. శాస్త్రజ్ఞునికి దానిని విడదీసే ఆనవాళ్ళున్నాయి. ప్రేలుడు అన్ని దిక్కులకు నేలను బయటికే నెట్టుతుంది. భూకంపం ఒక ప్రక్కకు నెట్టి, మరొక ప్రక్కకు లాగుతుంది. ప్రేలుడులో ద్వితీయ తరంగం బలహీనంగా ఉంటుంది. పైగా ప్రేలుళ్ళు పనివేళల్లో జరుగుతాయి, భూకంపానికి వేళాపాళా లేదు. ప్రక్కనే జలాశయముండుటచేత దాని నీటి ప్రభావం కూడ చర్చకు వచ్చింది. ఒక కంపాన్ని చూచి ఆ సంబంధాన్ని నిర్ణయించలేరు. జలాశయపు నీటిమట్టాన్ని, కంపాల సంఖ్యను, వాటి లోతును సంవత్సరాల తరబడి ప్రక్కప్రక్కన పెట్టి చూడవలసి ఉంటుంది. కొయనాలో చేసినది ఇదే.

శ్రీశైలం జలాశయం నుండి నల్లగొండ ఫ్లోరైడు గ్రామాలకు కృష్ణాజలాలను తరలించుటకు పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా దోమలపెంట వద్ద మొదలిడిన సొరంగం పొడవు దాదాపు 44 కిలోమీటర్లు. 2025 ఫిబ్రవరి 22న దాని లోపల, సుమారు 14వ కిలోమీటరు వద్ద పైకప్పు కూలి, నీరు, బురద విరుచుకుపడినాయి. ఎనిమిదిమంది చిక్కుకొన్నారు. నెలకు పైగా సాగిన గాలింపులో ఇద్దరి దేహాలే లభించినాయి. సొరంగాలలో ముందున్న రాతిని వినే విధానమొకటి ఉన్నది. గోడలలో రెండు మీటర్ల పాటి రంధ్రాలు తొలిచి, కొన్నింటిలో చిన్న ప్రేలుళ్ళు జరిపి, కొన్నింటిలో జియోఫోన్లుంచి, ఎదుటి రాతి నుండి తిరిగివచ్చే ప్రతిధ్వనిని నమోదు చేస్తారు. బోరుబావి పద్ధతినే అడ్డంగా త్రిప్పినట్లు. ఈ సొరంగంలో 2020లో అటువంటి పరీక్ష జరిగినదని, 13.88, 13.91 కిలోమీటర్ల నడుమ నీటితో కూడిన బలహీన శిల ఉన్నదని ఆ నివేదిక సూచించినదని ప్రమాదం తరువాత పత్రికలలో వచ్చింది.

ఆ సొరంగంపైన ఉన్నది నల్లమల అడవి, అమ్రాబాద్ పులుల అభయారణ్యం. అక్కడ పైనుండి బోర్లు వేసి చూచుటకు వీలులేదు. 2025 నవంబరులో భూభౌతిక సంస్థ హెలికాప్టరుకు పెద్ద తీగచుట్టను వ్రేలాడదీసి, అడవి మీదుగా తిరుగుతూ, విద్యుదయస్కాంత పద్ధతిలో సొరంగ మార్గంలోని శిలలను, నీటి జాడలను పరిశీలించుట ఆరంభించింది.